నగర పోలీసులకు సొంత ఇంటెలిజెన్స్ విభాగం అవసరమా? న్యూయార్క్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

సిరి (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నేను ఎస్సై పరీక్షకు చదువుతున్నాను. నిన్న మా స్టడీ హాల్లో పెద్ద వాదన జరిగింది. న్యూయార్క్ పోలీసు శాఖకు సొంతంగా ఇంటెలిజెన్స్ విభాగం ఉందని, వాళ్ళ డిటెక్టివులు లండన్, పారిస్ లాంటి ఊళ్ళలో కూడా ఉంటారని ఒక ఫ్రెండ్ చెప్పాడు. హైదరాబాద్ కమిషనర్‌కి కూడా అలాంటిది ఇవ్వాలని అతని పట్టు. నాకేమో అది మింగుడు పడలేదు. అమెరికాలో ఎఫ్‌బీఐ ఉంది, సీఐఏ ఉంది. ఇక్కడ ఐబీ ఉంది, ఎన్‌ఐఏ ఉంది, రాష్ట్ర ఇంటెలిజెన్స్ ఉంది. ఒక ఊరి పోలీసులకు ఇదంతా దేనికి? అక్కడ నిజంగా పనిచేసిందా? గైడు పుస్తకంలో దొరికే జవాబు నాకొద్దు. దగ్గర నుంచి చూసినవాళ్ళు ఎవరైనా చెప్తే బాగుంటుంది.


పద్మజ (క్వీన్స్, న్యూయార్క్)

సిరీ, మా అమ్మాయి ఈడుదానివి అయివుంటావు, అందుకే నువ్వు అంటున్నాను. నేను 1998 నుంచి ఇక్కడే ఉంటున్నాను. ఒక లా ఆఫీసులో కేసు కాగితాలు చదివి లాయర్లకు నోట్సు తయారుచేసే పని నాది. పోలీసు నిఘా మీద ఇక్కడ నడిచిన కేసులు మా ఆఫీసువి కావు, కానీ వాటి కాగితాలు చాలావరకు కోర్టు రికార్డులో ఎవరైనా చదువుకోవచ్చు. వాటిలో కనిపించే టీ కొట్లు, హలాల్ మాంసం దుకాణాలు మా వీధిలో ఉన్నలాంటివే. అందుకని పట్టుబట్టి చదివాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు "దేనికి" అన్నావు కదా. 1990 నవంబరులో మాన్‌హాటన్‌లోని ఒక హోటల్లో మెయిర్ కహానె అనే యూదు నాయకుణ్ణి ఎల్ సయ్యద్ నొసైర్ అనేవాడు కాల్చి చంపాడు. వాడి ఇంట్లో పెట్టెలకొద్దీ కాగితాలు దొరికాయి, చాలా భాగం అరబిక్‌లో. ఇది ఒంటరిగా ఒకడు చేసిన హత్య అని పోలీసు శాఖ తేల్చేసింది. ఆ పెట్టెలు సరిగ్గా చదివినవాడు లేడు. 1993 ఫిబ్రవరి 26న వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింది అంతస్తులో బాంబు పేలి ఆరుగురు చనిపోయారు. చేసినవాళ్ళలో నొసైర్ చుట్టూ తిరిగినవాళ్ళు ఉన్నారు. అంటే ఆధారం పోలీసుల చేతిలోనే ఉంది, దాన్ని చదవగలిగే మనిషి లేడు. 1993లో కమిషనర్‌గా ఉన్న రేమండ్ కెల్లీయే 2002 జనవరిలో మళ్ళీ ఆ కుర్చీలోకి వచ్చాడు. అప్పటికి నాలుగు నెలల క్రితమే, 2001 సెప్టెంబరు 11 దాడిలో, 23 మంది పోలీసులు ఆ టవర్ల దగ్గర ప్రాణాలు వదిలారు. ఢిల్లీ నుంచి కబురు వచ్చేదాకా కూర్చుంటాం అని మన వాళ్ళు అన్నట్టు, వాషింగ్టన్ చూసుకుంటుందిలే అని ఆ శాఖ ఇక అనుకోలేకపోయింది. నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది.

ఎఫ్‌బీఐతో కలిసి పనిచేయడం కొత్తేమీ కాదు. ఇద్దరి ఉమ్మడి టాస్క్‌ఫోర్స్ అమెరికాలో మొదటిసారి పుట్టింది 1980లో ఈ ఊళ్ళోనే. కెల్లీ చేసింది ఏమిటంటే, సొంత కాళ్ళ మీద నిలబడే విభాగాలు కట్టాడు. సీఐఏలో 35 ఏళ్ళు పనిచేసిన డేవిడ్ కోహెన్‌ని తెచ్చి ఇంటెలిజెన్స్ అప్పగించాడు. అంతకుముందు ఆ డివిజన్‌కి ముఖ్యమైన పని ఊరికి వచ్చే దేశాధినేతలకు కాపలా కాయడం. ఇంకో పక్క కౌంటర్ టెర్రరిజం బ్యూరో పెట్టాడు. మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, డిటెక్టివులు లండన్, పారిస్, అమ్మాన్, సింగపూర్ లాంటి చోట్ల అక్కడి పోలీసులతో కలిసి కూర్చుంటారు. వాళ్ళ ఖర్చులు పోలీస్ ఫౌండేషన్ అనే ప్రైవేటు సంస్థ భరిస్తుంది. అందరూ దీన్నే గొప్పగా చెప్పుకుంటారు.

నా దృష్టిలో అసలు గొప్ప విషయం భాష. ఈ ఊరి పోలీసుల్లో అరబిక్, ఉర్దూ, బెంగాలీ, పష్తో ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఉన్నారు, ఎందుకంటే ఊరే అలాంటిది. వాషింగ్టన్ ఆఫీసులకు సెక్యూరిటీ క్లియరెన్స్ దగ్గర ఆగిపోయే వలస కుటుంబాల పిల్లలు ఇక్కడ పోలీసు అకాడమీలో చేరారు. వాళ్ళలో కొందరిని యూనిఫాం వేయకముందే మఫ్టీలో పంపించారు. 2004లో హెరాల్డ్ స్క్వేర్ సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్‌లో బాంబు పెట్టాలన్న కేసులో 2006లో సాక్ష్యం చెప్పిన ఒక అండర్‌కవర్ (పోలీసునని చెప్పకుండా జనంలో కలిసి పనిచేసే) అధికారి బంగ్లాదేశ్‌లో పుట్టినవాడు, అకాడమీ నుంచే తీసుకున్నారు. మారుపేరుతో సాక్ష్యం చెప్పాడు. ఆ కేసులోనే డబ్బు తీసుకునే ఇన్ఫార్మర్ ఒకడు నిందితుడైన కుర్రవాణ్ణి ఎగదోశాడని డిఫెన్స్ గట్టిగా వాదించింది. జ్యూరీ ఒప్పుకోలేదు, 30 ఏళ్ళు పడింది. ఆ కాగితాలు చదివితే నీకు రెండు వైపులా బాధ కలుగుతుంది.

ఇప్పుడు పనికిరాని భాగం. దీని మీదే నాకు కోపం ఎక్కువ.

అదే ఇంటెలిజెన్స్ డివిజన్‌లో డెమోగ్రాఫిక్స్ యూనిట్ అని ఒకటి పెట్టారు. 28 దేశాల మూలాలు, వాటితోపాటు నల్లజాతి ముస్లింలు, వీళ్ళందరినీ "ఆసక్తి ఉన్న" సమూహాలుగా రాసుకున్నారు. మఫ్టీ పోలీసులు ఆ జనం ఉండే పేటల్లో హోటళ్ళకు, పుస్తకాల షాపులకు, మసీదులకు వెళ్ళి కూర్చునేవాళ్ళు. టీవీలో ఏ చానల్ పెట్టారు, వార్తలు చూసి ఏమన్నారు, యజమాని ఏ దేశం వాడు, నమాజుకు చోటుందా, ఇవన్నీ రిపోర్టు. నేరం ఏమిటి? ఏమీ లేదు. 2008లో సిటీ కాలేజీ ముస్లిం విద్యార్థులు పడవల్లో విహారానికి వెళ్తే ఒక అండర్‌కవర్ వాళ్ళతో వెళ్ళి, రోజుకు ఎన్నిసార్లు నమాజు చేశారో రాసుకొచ్చాడు. నది దాటి న్యూజెర్సీలోకి కూడా వెళ్ళారు. 2009లో న్యూబ్రన్స్‌విక్‌లో రట్గర్స్ యూనివర్సిటీ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌ని ఆ బిల్డింగ్ చూసుకునే మనిషి తనిఖీకి తెరిచాడు. లోపల టెర్రరిస్టుల ఫోటోలు, కంప్యూటర్లు, పోలీసు రేడియోలు! భయపడి 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేశాడు. స్థానిక పోలీసులు, ఎఫ్‌బీఐ వచ్చి చూస్తే అది న్యూయార్క్ పోలీసులు రహస్యంగా పెట్టుకున్న ఇల్లు. పక్క రాష్ట్రం పోలీసులకే చెప్పకుండా పనిచేస్తే ఏమవుతుందో దీనికంటే చెప్పక్కర్లేదు.

2011 ఆగస్టు నుంచి అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ ఇవన్నీ వరసగా బయటపెట్టింది. మరుసటి ఏడు ఆ కథనాలకు పులిట్జర్ అవార్డు వచ్చింది. 2012లో ఇంటెలిజెన్స్ డివిజన్ అధిపతి థామస్ గలాటి ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలో ఒక మాట ఉంది. తాను వచ్చిన 2006 నుంచి ఆ యూనిట్ రిపోర్టుల్లోని మాటల ఆధారంగా ఒక్క లీడు (దర్యాప్తుకు దారి చూపే ఆచూకీ) కూడా తయారుకాలేదు అని. ఆ పేజీ నేను రెండోసారి వెనక్కి తిప్పి చదివాను. అన్నేళ్ళు, అంతమంది జీతాలు, అన్ని కుటుంబాల భయం, ఒక్క లీడు లేదు. 2014 ఏప్రిల్లో యూనిట్‌ని ఎత్తేశారు.

దీనికి పక్కన 2010 మే 1 పెట్టి చూడు. టైమ్స్ స్క్వేర్‌లో బాంబు పెట్టి ఆపిన పాత్‌ఫైండర్ కారు నుంచి పొగ వస్తోందని చూసింది పేవ్‌మెంట్ మీద సరుకులమ్ముకునే వాళ్ళు. వాళ్ళలో వియత్నాం యుద్ధం చేసొచ్చినవాళ్ళున్నారు, సెనెగల్ నుంచి వచ్చిన ముస్లిం వ్యాపారి ఉన్నాడు. దగ్గర్లో ఉన్న గుర్రం మీది పోలీసుకి చెప్పారు. బండి గుర్తింపు నంబరు ముందు అద్దం దగ్గర పీకేసి ఉంటే, ఒక డిటెక్టివ్ కిందికి దూరి ఇంజిన్ మీద నంబరు చూశాడు. దాన్ని పట్టుకుని పోతే ఫైజల్ షహజాద్ పేరు వచ్చింది, 53 గంటల్లో విమానాశ్రయంలో దొరికాడు. పేవ్‌మెంట్ మనిషి పోలీసుతో మాట్లాడటానికి భయపడని ఊరు కాబట్టి బతికింది. ఆ భయాన్ని సొంత చేతులతో పెంచింది డెమోగ్రాఫిక్స్ యూనిట్. నా కోపం అందుకే.


కిరణ్ (ఎడిసన్, న్యూజెర్సీ)

పద్మజ గారూ, మీరు చెప్పినవి కాదనను. కానీ మంచి వైపు ఇంకొంచెం చెప్పాలి. మా ఆఫీసు లోయర్ మాన్‌హాటన్‌లో, రోజూ న్యూజెర్సీ నుంచి పాత్ అనే లోకల్ ట్రైన్‌లో వెళ్తాను. 2008లో ముంబయి దాడులు జరిగిన కొద్ది రోజులకే న్యూయార్క్ పోలీసులు తమ వాళ్ళను ముంబయి పంపించారు. అక్కడి అధికారులతో మాట్లాడి, దాడి ఎలా నడిచిందో, స్టేషన్ స్థాయి పోలీసు చేతిలో ఏ ఆయుధం ఉందో, హోటళ్ళ లోపలి ప్లాన్లు పోలీసులకు ఎందుకు తెలియలేదో రాసుకొచ్చారు. ఇక్కడ ప్రత్యేక దళానికి తోడుగా మామూలు పోలీసుల్లో కూడా కొందరికి పెద్ద తుపాకుల శిక్షణ మొదలైంది. హోటళ్ళ లోపల వీడియో తీసి పెట్టుకున్నారు. ఎఫ్‌బీఐ ఒక కేసు కట్టడానికి పనిచేస్తుంది. రేపు పొద్దున మన సబ్‌వేలో ఇదే జరిగితే ఏం చేయాలి అన్నది ఊరి పోలీసే ఆలోచించాలి. విదేశాల్లో మనుషులను పెట్టడంలో నాకు కనిపించే లాభం అది. రైల్లో కూర్చునే వాడిగా నాకు అది ధైర్యం.


పద్మజ (క్వీన్స్, న్యూయార్క్)

కిరణ్ గారూ, ముంబయి సంగతి బాగా గుర్తు చేశారు, దాన్ని నేను వదిలేసి ఉండకూడదు. ఆ పని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది జరిగిన ఒక దాడిని చదివి నేర్చుకోవడం. ఎవరి మతాన్నీ రాసుకోలేదు కదా.

2009 కూడా చెప్పాలి మరి. క్వీన్స్‌లో పెరిగి మాన్‌హాటన్‌లో కాఫీ బండి నడిపిన నజీబుల్లా జాజీ సబ్‌వేలో బాంబులు పెట్టడానికి సెప్టెంబరులో కొలరాడో నుంచి వచ్చాడు. ఎఫ్‌బీఐ వెనకే ఉంది. నగర ఇంటెలిజెన్స్ డిటెక్టివులు తమకు తెలిసిన ఒక ఇమామ్ దగ్గరికి ఫోటో పట్టుకెళ్ళి అడిగారు. ఆయన ఆ మాట జాజీ చెవిన వేశాడు. కేసు చేజారిపోయే అంచు దాకా వెళ్ళి వచ్చింది. ఎఫ్‌బీఐకి, నగర పోలీసుకి మధ్య పోటీ ఉన్నప్పుడు ఇలాంటివి జరుగుతాయి. సిరీ, మీ ఫ్రెండ్‌ని ఇది కూడా అడుగు. కొత్త విభాగం పెడితే పాత విభాగంతో ఎవరు ఎవరికి చెప్పాలి?


సత్తయ్య, రిటైర్డ్ ఏఎస్సై (హైదరాబాద్)

సిరి అమ్మా, నేను నగరంలో చాలా ఏళ్ళు స్పెషల్ బ్రాంచిలో చేసి రిటైరైన. న్యూయార్క్ నాకు తెల్వది, ఇక్కడిది చెప్తా. మీ ఫ్రెండ్ అనుకుంటున్నట్టు కమిషనర్ దగ్గర ఏమీ లేదనుకోవద్దు. స్పెషల్ బ్రాంచి ఉంది, టాస్క్‌ఫోర్స్ ఉంది. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి ఇంటికి వచ్చే మనిషి స్పెషల్ బ్రాంచి మనిషే. గణేశ్ నిమజ్జనం, బీబీ కా ఆలం, రంజాన్ నెల, ఎన్నికలు, ధర్నాలు, ఎక్కడ ఏమి కదులుతున్నదో ముందు రాసి ఇచ్చేది మేమే. దానికి కంప్యూటర్ కంటే ముందు కావాల్సింది ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ కూర్చునే ఓపిక, హిందీ ఉర్దూ తెలుగు మూడూ రావడం. ఒక బీటు మీద ఏళ్ళ తరబడి ఉన్న మనిషికి తెలిసింది, మొన్న ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినోనికి తెల్వది.

మా దగ్గర పెద్ద కష్టం సమాచారం లేకపోవడం కాదు. 2012 అక్టోబరులో ఢిల్లీ పోలీసులు కొందరిని పట్టుకుని, వీళ్ళు హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, బేగంబజార్, ఆబిడ్స్ రెక్కీ చేశారని బయటికే చెప్పిన్రు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాప్ దగ్గర సైకిళ్ళకు కట్టిన బాంబులు పేలినయ్. దానికి ముందు ఢిల్లీ నుంచి అలర్టు వచ్చిందని అప్పటి కేంద్ర హోం మంత్రి అన్నడు, అది అన్ని రాష్ట్రాలకూ పంపింది. అమ్మా, "అప్రమత్తంగా ఉండండి" అని వచ్చిన కాగితం స్టేషన్‌లో కానిస్టేబుల్ చేతికి చేరితే అతను ఏమి చేయాలె? ఏ వీధిలో నిలబడాలె? ఏ బండి చూడాలె? ఆ మధ్య పని చేసే మనుషులే నగరానికి కావాలె. వచ్చిన నాలుగు ముక్కలు ఒకచోట పెట్టి, ఈ వారం ఈ బజారు, ఈ టైమ్ అని చెప్పగలిగేటోళ్ళు. పద్మజ మేడం చెప్పిన అరబిక్ పెట్టెల కథ చదివి నాకు ఇదే యాదికొచ్చింది.

రెండో సంగతి చెప్పకుండా ఉంటే తప్పు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడులో తొమ్మిది మంది పోయిన్రు, తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు. దాని వెనక, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళ వెనక, పాతబస్తీ పిల్లలను చాలామందిని పట్టుకపోయిన్రు. హింసించిన్రని మైనారిటీ కమిషన్ పంపిన వకీలు రిపోర్టు రాసిండు. కోర్టుల్లో కేసులు నిలబడలే. తర్వాత ప్రభుత్వమే 70 మందికి 70 లక్షల పరిహారం ప్రకటించింది, మంచి నడవడి సర్టిఫికెట్లు ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదన్నది, అది వేరే కథ. చదువుకునే పిల్లగాని పేరు ఒకసారి పేపర్లో పడితే సర్టిఫికెట్ ఏమి చేస్తది? ఆ గల్లీలో మళ్ళీ స్పెషల్ బ్రాంచి మనిషికి నిజం చెప్పేది ఎవరు? నేను నా ఉద్యోగాన్ని గౌరవంగ చేసిన, అందుకే చెప్తున్న.


సిరి (హనుమకొండ)

సత్తయ్య గారూ, పద్మజ అక్కా, కిరణ్ గారూ, చాలా థాంక్స్. విభాగం ఉండొద్దు అన్న నా వాదన మార్చుకుంటున్నాను. సత్తయ్య గారు చెప్పిన "మధ్య పని" నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్క డౌట్. అక్కా, డెమోగ్రాఫిక్స్ యూనిట్ ఎత్తేశారు సరే, మళ్ళీ అలాంటిది పెట్టకుండా అక్కడ ఏమైనా కట్టుబాటు ఉందా? లేక కమిషనర్ మారితే మళ్ళీ మొదలా?


పద్మజ (క్వీన్స్, న్యూయార్క్)

సత్తయ్య గారూ, మీ రెండో పేరా మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. నమస్కారం.

సిరీ, కట్టుబాటు ఉంది, దానికి యాభై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. 1971లో బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి రాజకీయ సంఘం వాళ్ళ మీద పెట్టిన పెద్ద కేసును జ్యూరీ కొట్టేసింది. విచారణలో పోలీసులు రాజకీయ సంఘాల్లోకి ఎంతమందిని దూర్చారో బయటపడింది. ఆ ఏడే బార్బరా హాండ్‌షూ అనే లాయరు, మరికొందరు కలిసి దావా వేశారు. 1985లో రాజీ కుదిరింది. ఎవరి రాజకీయ కార్యకలాపాల మీదనైనా దర్యాప్తు చేయాలంటే నేరానికి సంబంధించిన నిర్దిష్ట సమాచారం ఉండాలి, ముగ్గురు సభ్యుల కమిటీ అనుమతి ఉండాలి, అందులో ఒకరు పోలీసు కానివాళ్ళు. దీన్ని హాండ్‌షూ ఒప్పందం అంటారు.

2002లో కోహెన్ కోర్టుకు వెళ్ళి ఈ నిబంధనలతో ఉగ్రవాదాన్ని ఎదుర్కోలేం, సడలించండి అని అడిగాడు. జడ్జి చార్లెస్ హెయిట్ 2003లో ఒప్పుకున్నాడు. కమిటీ అనుమతి తీసుకోవాలన్న షరతు పోయింది, దాంతో అందులోని బయటి మనిషి చూపూ పోయింది. డెమోగ్రాఫిక్స్ యూనిట్ నడిచిన కాలం అది. ఆ తర్వాత, 2016 ఆగస్టులో పోలీసు శాఖను బయటి నుంచి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం ఫైళ్ళు చూసి రాసింది. చూసిన దర్యాప్తుల్లో 95 శాతం పైగా మనుషులు ముస్లింలు లేదా ఇస్లాంతో సంబంధం ఉన్నవాళ్ళు. సగానికి పైగా సార్లు అనుమతి గడువు దాటాక కూడా నిఘా సాగింది.

2013లో మసీదులు, విద్యార్థులు వేసిన కొత్త దావా, పాత హాండ్‌షూ కేసు కలిపి మళ్ళీ రాజీకి వచ్చాయి. మొదట కుదిరిన రాజీ చాలదని అదే జడ్జి 2016లో తిప్పికొట్టాడు. అప్పటికి ఆయన ఆ కేసును దశాబ్దాలుగా చూస్తున్నాడు. 2017 మార్చిలో గట్టిపరిచిన దాన్ని ఆమోదించాడు. జాతి, మతం ముఖ్య కారణంగా దర్యాప్తు చేయకూడదు. ప్రాథమిక విచారణకు 18 నెలలు, పూర్తి దర్యాప్తుకు మూడేళ్ళు, ఉగ్రవాద సంస్థ మీద అయితే అయిదేళ్ళు అని గడువులు. ఇన్ఫార్మర్‌నో అండర్‌కవర్‌నో పంపేముందు, అంత చొరబడకుండా వేరే దారి ఉందా అని చూడాలి. దర్యాప్తులను సమీక్షించే కమిటీలో బయటి నుంచి ఒక న్యాయవాది కూర్చుంటారు. మేయర్ నియమిస్తారు, మొదట కూర్చున్నది ఒక మాజీ ఫెడరల్ జడ్జి. నియమాలు తప్పితే ఆ వ్యక్తి నేరుగా కోర్టుకు చెప్పొచ్చు. ఆ పదవిని జడ్జి అనుమతి లేకుండా మేయర్ తీసేయడానికి వీల్లేదు. నీ ప్రశ్నకు జవాబు ఇదే, కమిషనర్ మారినా ఆ కుర్చీ మారదు.

ఆ న్యాయవాది వచ్చాక ఊరు నిఘా మానలేదు. ఇంటెలిజెన్స్ విభాగం అలాగే ఉంది, విదేశాల్లో డిటెక్టివులు అలాగే ఉన్నారు. మీ ఫ్రెండ్ హైదరాబాద్‌కి కొత్త విభాగం కావాలంటే, దాని ఫైళ్ళు చూసే బయటి మనిషి ఎవరు, అతన్ని తీసేసే అధికారం ఎవరికి ఉండకూడదు, ఈ రెండూ కూడా తన వాదనలో రాసుకురమ్మని చెప్పు. అప్పుడు మీ స్టడీ హాల్ చర్చకు నేను కూడా ఫోన్లో వస్తాను.